హాలు ఇవ్వమన్నారు, ఎందుకో రాసివ్వమంటే రాసివ్వరు

వేపచెట్టు అరుగు · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఊళ్లో పదకొండేళ్లుగా ప్రతి నెలా మూడో ఆదివారం సాహిత్య సమావేశం పెట్టుకుంటున్నాం. పాతిక, ముప్పై మంది వస్తారు. ఒకరు కథో కవితో చదువుతారు, మిగతావాళ్లు మాట్లాడతారు, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోతాం. ఇన్నేళ్లలో ఒక్క గొడవ లేదు.

ఈ నెల చదవాల్సిన కథ ఒక అంగన్‌వాడీ టీచర్ రాసింది. జాతరలో పూనకం వచ్చే ఒక ఆడమనిషి కథ. మొగుడు తాగొచ్చి ఏడాదంతా కొడతాడు. జాతర రాత్రి అమ్మవారు పూనాక మాత్రం వాడే వచ్చి ఆమె కాళ్ల మీద పడతాడు. ఆ పూనకం నిజమా నటనా అన్నది కథలో ఎక్కడా తేల్చలేదు. తెల్లారి బోరింగు దగ్గర ముఖానికున్న పసుపు కడుక్కుంటూ ఆమె మళ్లీ జాతరకు ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడంతో కథ అయిపోతుంది.

తప్పు నాది కూడా ఉంది. వాట్సాప్ ఆహ్వానంలో "పూనకం వెనక అసలు కథ" అని ఒక ముక్క రాశాను. దాన్ని ఎవరో ఊరి గ్రూపుల్లో "అమ్మవారిని కించపరిచే సభ" అని తిప్పారు. గురువారం సాయంత్రం హాలు కమిటీ ఆయన ఫోన్ చేసి "స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, హాలు ఇవ్వలేం, ఏమనుకోకండి" అన్నాడు. వెళ్లి కలిశాను. అడ్వాన్సు ఐదొందలు చేతిలో పెట్టి, నా దగ్గరున్న రసీదు వెనక్కి తీసుకున్నాడు. "ఎందుకు ఇవ్వట్లేదో ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నాను. "రాసేదేముంది సార్, మీకు తెలవదా" అని నా ముందే ఆ రసీదు రెండు ముక్కలు చేశాడు.

అది చూసినప్పటి నుంచి మనసు బాగాలేదు. మా సభ జరగనివ్వలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు. ఎవర్ని అడగాలి?

---

కొత్తపేట శీను · శుక్రవారం రాత్రి 9:58

దారుణం అన్నా. కథ ఇక్కడ పెట్టండి, చదువుతాం.

---

వేపచెట్టు అరుగు · రాత్రి 10:05

రాసినావిడను అడగకుండా పెట్టలేను శీనూ. ఆవిడ అసలే భయపడి ఉంది.

---

ఒగ్గుడోలు · రాత్రి 10:31

అందరూ ఒక పక్కనే మాట్లాడతారు కాబట్టి నేను రెండో పక్క చెప్తా. కోపం తెచ్చుకోకండి.

మా నాయనమ్మ శివసత్తు, అంటే దేవుడు ఒంటి మీదికొచ్చే మనిషి. మా దగ్గర దాన్ని పూనకం అనరు, శిగం అంటారు. చిన్నప్పుడు కొమురవెల్లి మల్లన్న జాతరకు ఆమె కొంగు పట్టుకుని పోయేవాణ్ణి. దేవుడి ముందు రంగుల ముగ్గుతో పట్నం వేసి, ఒగ్గు పూజారి డోలు అందుకున్నాక ఆమె ముఖం మారిపోయేది. నాకు అన్నం పెట్టే మనిషి కాదు అప్పుడు ఆమె. నేను భయపడి ఏడిస్తే మా మేనత్త నోరు మూసేది. అది నటన అని ఎవడైనా అంటే నాకు ఎక్కడో కాలుతుంది. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, పుస్తకాలు లేవు. మాకున్నది ఆ బండారి పసుపు, ఆ గజ్జెలు. పట్నంలో కూర్చుని "వెనక అసలు కథ" అని రాసేవాళ్లకు అది కథా వస్తువు. మాకు ఇంటి మనిషి.

సభ ఆపమని నేను అనను. కానీ మా నొప్పిని కూడా లెక్కలోకి తీసుకోండి. భావ ప్రకటన స్వేచ్ఛ చదువుకున్నవాళ్లకేనా?

---

వేపచెట్టు అరుగు · రాత్రి 10:50

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. "అసలు కథ" అన్న మాట నా తెలివితక్కువ. కథలో ఆ మాట లేదు. రాసినావిడ పట్నం మనిషి కాదు, ఆవిడ అమ్మమ్మ కూడా జాతరలో కుండ ఎత్తిన మనిషే. ఒప్పుకుంటే నీకు కథ పంపిస్తాను.

---

నల్లకోటు హనుమకొండ · శనివారం ఉదయం 6:45

ముందు చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంటుంది. రాజ్యాంగంలో 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇచ్చింది. దాని మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాలంటే 19(2)లో ఉన్న ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి: దేశ సార్వభౌమత్వం సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం. "మనోభావాలు దెబ్బతిన్నాయి" అన్నది ఆ జాబితాలో లేదు. మతభావాలకు సంబంధించి పాత శిక్షాస్మృతిలో 295ఎ ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. దానికి కూడా కావాలని, దురుద్దేశంతో అవమానించినట్టు చూపించాలి. ఎవరికో నొప్పి కలిగినంత మాత్రాన నేరం కాదు.

ఇక నిషేధం సంగతి. ఒక పుస్తకాన్నో పత్రికనో రాష్ట్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలంటే పాత సీఆర్‌పీసీ (నేర ప్రక్రియా స్మృతి) 95 ప్రకారం నోటిఫికేషన్ ఇవ్వాలి, అందులో కారణాలు రాయాలి. దాని మీద రెండు నెలల్లోపు హైకోర్టుకు పోవచ్చు, అక్కడ ముగ్గురు జడ్జీలు కూర్చుని వింటారు. కొత్త చట్టంలోనూ అదే పద్ధతి ఉంది, సెక్షన్ నంబరు మారింది అంతే. ఒక పుస్తకం నోరు మూయించడానికి చట్టం ఇంత తతంగం ఎందుకు పెట్టిందో ఆలోచించండి. మూసేవాడు తన పేరు, తన కారణం కాగితం మీద పెట్టాలి. అప్పుడే కదా రెండోవాడు దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కేది.

అరుగు గారి దగ్గర రసీదు ముక్కలు చేశారే, సరిగ్గా ఆ మెట్లే లేకుండా చేశారు.

ఆ హాలు ప్రైవేటువాళ్లదైతే ఇవ్వకపోవడం వాళ్లిష్టం. కానీ పోలీసులు నోటిమాటగా ఆపించారంటే అది వేరే సంగతి. స్టేషన్‌కు ఒక ఉత్తరం రాయండి. "ఫలానా తేదీ సభకు హాలు ఇవ్వొద్దని మీరు చెప్పినట్టు కమిటీవారు అంటున్నారు, నిజమైతే ఏ ఉత్తర్వు ప్రకారమో తెలపండి" అని నాలుగు వాక్యాలు చాలు. చేతికిచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి.

---

తుంగభద్ర ఒడ్డు · శనివారం ఉదయం 7:20

చిన్న ఊరు సార్. రేపు మళ్లీ అదే స్టేషన్‌తో పని పడుతుంది. ఉత్తరాలు రాసి ఎక్కడ తిరుగుతారు? సభ ఒక నెల వాయిదా వేసుకుంటే పోయేదేముంది?

---

పాత కంపోజింగ్ · శనివారం ఉదయం 11:10

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదివి పోతుంటాను. తుంగభద్ర గారు "పోయేదేముంది" అన్నారు కాబట్టి రాస్తున్నాను. పోయేదేమిటో నేను చూశాను.

1975లో నాకు పంతొమ్మిదేళ్లు. ఒక చిన్న వారపత్రిక అచ్చయ్యే ప్రెస్సులో చేత్తో అక్షరాలు కూర్చేవాణ్ణి. ఎడమ చేతిలో స్టిక్కు, ముందర అక్షరాల కేసు. పొల్లులు ఎక్కడ, వత్తులు ఎక్కడ, కళ్లు మూసుకుని తీసేవాణ్ణి. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు, ఆ మర్నాటి నుంచి సెన్సార్. అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి తీసే మా గ్యాలీ ప్రూఫులు తీసుకుని నేనే సైకిలు మీద సెన్సారు ఆఫీసుకు పోయేవాణ్ణి. అక్కడ ఒక ఆఫీసరు, చెడ్డమనిషి కాదు, నాకు మంచినీళ్లు ఇప్పించేవాడు. ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టి, కింద ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చేవాడు.

కొట్టేసిన చోట ఖాళీ వదలకూడదని రూలు. ఢిల్లీలో ఒక పెద్ద పత్రిక మొదట్లో సంపాదకీయం చోటు తెల్లగా వదిలేసింది, జనానికి విషయం అర్థమైపోయింది. తర్వాత ఆ తెలుపు కూడా వద్దన్నారు. అందుకని పదకొండు వరసలు కొట్టేస్తే పదకొండు వరసలు ఏదో ఒకటి కూర్చాలి. మజ్జిగ ఉపయోగాలు, దోసపాదుకు ఎరువు, దిష్టి తగలకుండా చిట్కాలు. ఆ ఏడాది మా పత్రిక తీసి చూస్తే దోసపాదు మీద అన్ని వ్యాసాలు ఎందుకున్నాయో ఇప్పటివాళ్లకు తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ఇది కాదు. నాలుగైదు నెలలు పోయాక ఆ ఎర్ర పెన్సిల్‌కు పని తగ్గిపోయింది. ప్రూఫు ఎలా ఇచ్చానో అలాగే ముద్రపడి వచ్చేది. ఆఫీసరు మెత్తబడ్డాడేమో అని సంతోషించాను. కాదు. మా ఎడిటరు గారే ముందు కొట్టేసి పంపుతున్నారు. ఆ తర్వాత రాసేవాళ్లు అసలు రాయడమే మానేశారు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఎడిటరు గారు చేతిలో పెన్సిల్ పట్టుకుని ఒక వాక్యం దగ్గర ఆగిపోయేవారు, ఎందుకు ఆగారో ఆయనకే తెలిసేది కాదు. ఆ అలవాటు పోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అప్పుడు కనీసం ముద్ర ఉండేది. ఈ రోజుకీ నా దగ్గర అలాంటి ప్రూఫు ఒకటుంది. కొట్టింది ఎవరో, ఏ తేదీనో, ఏ వాక్యమో అందులో కనపడుతుంది. అరుగు గారూ, మీ రసీదు చిరిగిపోయిందని చదవగానే నాకు ఆ ప్రూఫు తీసి చూడాలనిపించింది. పొద్దున్నే బీరువాలో వెతికి చూశాను. కాగితం పచ్చబడింది, ఎరుపు మాత్రం అలాగే ఉంది.

---

నల్లకోటు హనుమకొండ · శనివారం మధ్యాహ్నం 12:02

మీకు చేతులెత్తి నమస్కారం సార్. ఆ ప్రూఫు పాడవకుండా స్కాన్ చేయించి పెట్టుకోండి.

---

సింధూర · శనివారం మధ్యాహ్నం 2:15

నాకు ఈ చర్చలో ఒక విషయం మీద అసంతృప్తి. నోరు మూయించేది ప్రభుత్వం, పోలీసులు మాత్రమే అన్నట్టు మాట్లాడుతున్నారు.

మూడేళ్ల క్రితం పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోకపోవడం గురించి నేనొక పోస్టు రాశాను. అంతే. రెండు రోజుల్లో నా ఫోన్ నంబరు ఎవరో పెట్టేశారు. రాత్రి ఒంటిగంటకు, రెండింటికి ఫోన్లు. నా ఫోటోకు వేరే ఒళ్లు అతికించి మా ఆఫీసు గ్రూపులో వేశారు. మా పాపను ఏం చేస్తామో రాశారు, ఆ మాటలు ఇక్కడ రాయలేను. ఎనిమిది నెలలు ఎకౌంటు మూసుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ నిషేధించలేదు. ఏ ఉత్తర్వూ లేదు. అయినా నా నోరు మూతపడింది.

అలా బెదిరించినవాళ్లలో ఒకడు కంప్లయింటు ఇచ్చాక ఏమన్నాడో తెలుసా? "నా భావ ప్రకటన స్వేచ్ఛ" అన్నాడు.

అందుకే హద్దులే వద్దు అనేవాళ్లంటే నాకు భయం. బెదిరింపు అభిప్రాయం కాదు. ఒకరి ఫోటోకు వేరే ఒళ్లు అతికించడం విమర్శ కాదు. ఇవి ఆపితేనే నాలాంటివాళ్లు మాట్లాడగలుగుతారు. ఒగ్గుడోలు గారి నొప్పిని నేను అర్థం చేసుకోగలను, కానీ ఆయనకు కలిగింది వేరు, నాకు జరిగింది వేరు. రెండిటికీ "మనోభావాలు" అని ఒకటే పేరు పెట్టకండి.

---

ఒగ్గుడోలు · శనివారం మధ్యాహ్నం 2:40

అక్కా, మీకు జరిగింది చదివి చాలా బాధేసింది. మీరన్న తేడా నాకు అర్థమైంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, నిజమే. కానీ ఆ వాట్సాప్ మెసేజ్ తిప్పినవాళ్లలో మా ఊరి పిలగాళ్లు ఉన్నారు. వాళ్లు కథ చదవలేదు. నేనూ చదవలేదు. ఆ సంగతి నాకు నిన్నటి నుంచి గుచ్చుకుంటోంది.

---

బాల్కనీ టికెట్ · శనివారం సాయంత్రం 5:30

మాది మూడు తరాల థియేటరు, ఇప్పుడు కల్యాణమండపం చేశాం. చదవకుండా, చూడకుండా ఆపేయడం అంటే నాకు 2006 గుర్తొస్తుంది.

ఆ ఏడాది జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డావిన్సీ కోడ్ సినిమాను రాష్ట్రమంతా నిషేధించింది. సెన్సార్ బోర్డు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చింది, ఇది కల్పిత కథ అని రాత కూడా వేయించింది. అయినా కొన్ని సంఘాలు అర్జీలు పెట్టాయని 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ఆపేశారు. పంపిణీదారులు హైకోర్టుకు పోతే జస్టిస్ గోడా రఘురాం ఆ నెలలోనే నిషేధం కొట్టేశారు. సెన్సార్ బోర్డు చూసి పాస్ చేసిన సినిమాను ఎవరో అభ్యంతరం చెప్పారని ఆపడం కుదరదన్నది ఆ తీర్పు సారం. మేం ఆ బొమ్మ ఆడించలేదులెండి, మా సెంటర్‌లో ఇంగ్లిష్ బొమ్మ ఎవరు చూస్తారు. కానీ ఆ తీర్పు వచ్చిన రోజు మా నాన్న పేపరు మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు.

కొన్నేళ్ల తర్వాత మా దగ్గరే ఒక తెలుగు సినిమాకు గొడవైంది. పేరు వద్దు. ప్రభుత్వం నిషేధించలేదు, కోర్టు ఆపలేదు. మ్యాట్నీకి ముందు పదిహేను మంది వచ్చారు, గేటు దగ్గర నిలబడ్డారు, ఒకడు అద్దాల వంక చూసి "కొత్తగా వేయించినట్టున్నారే" అన్నాడు. అంతే అన్నది. నాన్న షో ఆపేశారు. "సాంకేతిక కారణాల వల్ల" అని అట్ట మీద రాసి బుకింగ్ కిటికీకి కట్టింది నేనే. ఆ అబద్ధం నా చేతి రాత.

2006 ఉత్తర్వు మీద కోర్టుకు పోయారు, గెలిచారు. నేను రాసిన అట్ట మీద ఎవరు పోతారు కోర్టుకు?

---

లా మూడో ఏడు · శనివారం సాయంత్రం 6:10

బాల్కనీ గారూ, దీనికి సుప్రీంకోర్టు 1989లోనే సమాధానం చెప్పింది, ఎస్. రంగరాజన్ కేసులో. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమాకు ఆందోళనలు చేస్తామని బెదిరించారు. గొడవ చేస్తామన్నవాళ్లకు భయపడి మాటను ఆపేస్తే అది బెదిరింపుకు లొంగిపోవడమే, చట్టబద్ధ పాలన లేనట్టే అని కోర్టు అన్నది. రక్షణ కల్పించడం ప్రభుత్వం బాధ్యత అన్నది. మాట ప్రమాదకరం అనాలంటే మందుగుండు పెట్టెలో నిప్పురవ్వ పడ్డంత దగ్గరి సంబంధం ఉండాలన్నది. మా సారు క్లాసులో ఈ కేసు చెప్పిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలు రాస్తే జైలు అన్న ఐటీ చట్టం 66ఎను 2015లో కొట్టేశారు కదా, శ్రేయా సింఘాల్ తీర్పు. ఆ బెంచిలో నారిమన్ గారితో పాటు మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు ఉన్నారు. ఒక విషయం చర్చించడం వేరు, దాన్ని సమర్థించి ప్రచారం చేయడం వేరు, పురిగొల్పడం వేరు, మూడోదానికి చేరినప్పుడే చట్టం అడ్డుపడొచ్చు అన్నారు. సింధూర గారు చెప్పిన బెదిరింపులకు, ఫోటోలకు వేరే సెక్షన్లు ఉన్నాయి, 66ఎ పోయినా అవి పోలేదు. కొట్టేసిన తర్వాత కూడా చాలా ఏళ్లు స్టేషన్లలో 66ఎ కింద కేసులు రాస్తూనే ఉన్నారని 2021లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. లేని సెక్షన్ కింద కేసు!

---

గద్వాల టీచరమ్మ · శనివారం రాత్రి 8:05

హద్దుల సంగతి వచ్చింది కాబట్టి మా దగ్గర జరిగింది చెప్తాను. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. మా బడి పిల్లల తల్లులు సాయంత్రం నాలుగింటికే గేటు దగ్గరకు వచ్చేసేవారు. ఆ పుకార్లను నమ్మి తెలంగాణలో, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అలాంటి మాటకు స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను. మాట ప్రాణం తీస్తుంది.

అయితే ఆపింది ఎట్లా? అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్లకు పంచారు. డప్పు కళాకారుల్ని పెట్టి పాట కట్టించారు. మా ఊరి రచ్చబండ దగ్గర కానిస్టేబుల్ ఒకాయన ఫోన్ ఎత్తి చూపించి, ఈ వీడియో ఎక్కడిది, ఎట్లా అతికించారు అని విడమర్చి చెప్పాడు. ముసలివాళ్లు ఎదురు ప్రశ్నలు వేశారు, ఆయన ఓపిగ్గా జవాబు చెప్పాడు. మా జిల్లాలో ఆ పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు. పుకారుకు డప్పుతో జవాబు చెప్పిన పోలీసులున్న రాష్ట్రంలో ఒక కథ చదవడానికి హాలు దొరకలేదంటే నాకు బాధగా ఉంది.

---

హాంబర్గ్ నుంచి · శనివారం రాత్రి 8:50

ఇక్కడ జర్మనీలో యూదుల ఊచకోత జరగలేదని బహిరంగంగా అంటే నేరం. వాళ్ల చరిత్ర వాళ్ల చేత ఆ గీత గీయించింది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య దీన్ని ఒప్పుకోడు, అక్కడ వెంటనే హింసకు దారితీసే పిలుపు, బెదిరింపు లాంటివైతే తప్ప మాట నేరం కాదు. ఫోన్‌లో గంటలు గంటలు కొట్టుకుంటాం. ఒకటి మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం: గీత ఎక్కడున్నా అది చట్టంలో రాసి ఉండాలి, నలుగురికీ కనపడాలి.

---

తుంగభద్ర ఒడ్డు · శనివారం రాత్రి 9:15

నా మొదటి కామెంటు వెనక్కి తీసుకోను గానీ, పాత కంపోజింగ్ గారిది చదివాక కాసేపు ఏమీ తోచలేదు. మా నాన్న కూడా ఆ రోజుల్లో టీచరు. ఇంట్లో రేడియో సౌండు తగ్గించి వినేవాడు, ఎందుకని అడిగితే "ఊరికే" అనేవాడు.

---

నల్లకోటు హనుమకొండ · శనివారం రాత్రి 10:20

తుంగభద్ర గారూ, ఆ "ఊరికే" చాలా పెద్ద మాట.

ఒక పాత ముచ్చట చెప్తాను, కుర్రాళ్లకు పనికొస్తుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి సరిగ్గా నాలుగు నెలలు. 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి బొంబాయి నుంచి వచ్చే క్రాస్‌రోడ్స్ అనే వామపక్ష వారపత్రిక కేసు. దాన్ని మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వలేదు. అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. రెండోది ఢిల్లీ ఆర్గనైజర్ పత్రిక కేసు, ముందు మాకు చూపించి అచ్చు వేయండి అని ఉత్తర్వు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. కోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టేసింది. ఏడాది దాటగానే 1951లో మొదటి సవరణ తెచ్చి "శాంతిభద్రతలు" అన్న మాట 19(2)లో చేర్చారు. అదే సవరణలో ఆంక్షలు "సహేతుకంగా" ఉండాలన్న మాట కూడా వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ రోజుకీ మా వకీళ్లం వాదిస్తున్నాం.

మన సాహిత్యంలోనే చూడండి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన మాలపల్లిని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ అది పూర్తిగా బయటపడలేదు. ఆ నిషేధానికి ప్రభుత్వ ఉత్తర్వుంది కాబట్టి దాని గురించి ఈ రోజు మాట్లాడుకోగలుగుతున్నాం. అదే కాలంలో ఎవరో ఒక ప్రెస్సు యజమానికి "ఎందుకయ్యా నీకీ గొడవ" అని చెవిలో చెబితే అచ్చు కాకుండా పోయిన పుస్తకాలు ఎన్నో. వాటి పేర్లు కూడా మనకు తెలియవు.

---

వేపచెట్టు అరుగు · ఆదివారం ఉదయం 10:30

నిన్న రాత్రి జరిగింది చెప్తాను.

నల్లకోటు గారు చెప్పినట్టు నాలుగు వాక్యాలు రాసుకుని స్టేషన్‌కు వెళ్లాను. వెళ్లేముందు ఇంట్లో టెన్షన్, మా ఆవిడ గేటు దాకా వచ్చింది. ఎస్సై గారు ఉత్తరం చదివి, ఇద్దరు కానిస్టేబుళ్లను పిలిచి అడిగారు. "మా నుంచి ఎవరికీ ఫోన్ పోలేదండీ. అసలు మీ సభ సంగతే నాకు తెలియదు" అన్నారు. నా కాపీ మీద ముద్ర వేసి ఇచ్చారు. "కావాలంటే ఒక కానిస్టేబుల్‌ను పంపిస్తాను, మీరు చదువుకోండి" అని కూడా అన్నారు.

అక్కడి నుంచి కమిటీ ఆయన దగ్గరకు వెళ్లి ముద్ర ఉన్న కాపీ చూపించాను. చాలాసేపు చూశాడు. ఫోన్ తనకు రాలేదట, కమిటీలో ఇంకొకాయన చెప్పాడట. ఆ ఇంకొకాయనను అడిగితే బస్టాండు దగ్గర ఎవరో అన్నారట. మొత్తానికి సభ ఆపమన్నవాడంటూ ఎవడూ లేడు. అందరూ ఎవరికో భయపడ్డారు. రోడ్డు మీదకొచ్చాక నాకు కాళ్లు వణికాయి. ఎవరో ఒకరు ఆపి ఉంటే బాగుండేదనిపించింది, నిజంగా.

హాలు మాత్రం "ఈ నెలకు వద్దులే సార్" అన్నాడు.

ఇంకొకటి. రాసినావిడ కథ పంపింది, ఒగ్గుడోలు తమ్ముడికి ఇవ్వడానికి ఒప్పుకుంది. తెరిచి చూస్తే కథ మారిపోయి ఉంది. మొగుడు కాళ్ల మీద పడే చోటు తీసేసింది. ఎందుకమ్మా అంటే "ఎవరూ అడగలేదు సార్, నాకే వద్దనిపించింది" అన్నది.

---

పాత కంపోజింగ్ · ఆదివారం ఉదయం 10:41

ఆ తల్లికి చెప్పండి. తీసేసింది వెనక్కి పెట్టమనండి. కథ బాగోలేదని ఎవరైనా చెబితే, ఆవిడకు అది సబబనిపిస్తే అప్పుడు తీయమనండి. భయంతో తీయొద్దు. నా మాటగా చెప్పండి.

---

సింధూర · ఆదివారం ఉదయం 11:15

అరుగు గారూ, ఆవిడ ఒప్పుకుంటే నా నంబరు ఇవ్వండి. నేను మాట్లాడతాను. ఎనిమిది నెలలు మూసుకుని కూర్చున్నదాన్ని, ఆవిడకు ఎలా ఉందో నాకు తెలుసు.

---

ఒగ్గుడోలు · సోమవారం రాత్రి 9:05

అన్నా, పాత కథ, కొత్త కథ రెండూ చదివిన. పాతదే నయం.

ఒప్పుకోని చోటు చెప్తా. శివసత్తు అంటే జాతర రాత్రికే కాదు. మా నాయనమ్మ దగ్గరకు ఏడాదంతా మనుషులు వచ్చేవాళ్లు, పిల్లకు జ్వరమనీ, బర్రె పాలివ్వదనీ. ఊళ్లో ఆమెకు ఒక విలువ ఉండేది. కథలో ఆమెను మిగతా రోజులు దిక్కులేనిదాన్ని చేసిర్రు. అది మా ఇంటి సంగతి కాదు. ఈ మాట నేను సభలో నిలబడి చెప్పాలి.

ఇంకో ముచ్చట. మా మేనత్తకు చదువు రాదు. నిన్న రాత్రి అన్నం తిన్నాక ఆమెకు కథ చదివి వినిపించిన. తిడుతుందనుకున్న. బోరింగు దగ్గర పసుపు కడుక్కునే చోటు వచ్చేసరికి "మళ్లా చదువు" అన్నది. మళ్లా చదివిన. చానాసేపు ఏమనలేదు. తర్వాత "రాసినామెది ఏ ఊరు?" అని అడిగింది. ఎందుకు అంటే చెప్పలేదు.

సభ ఎక్కడ పెట్టినా ఆమె వస్తా అంటున్నది. నాకు పావుగంట మాట్లాడే టైమ్ ఇయ్యాలి.

---

వేపచెట్టు అరుగు · సోమవారం రాత్రి 9:30

పావుగంట కాదు, ఎంతసేపైనా. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మా ఇంటి డాబా మీద. పాత కథే చదువుతున్నాం, సింధూర గారితో మాట్లాడాక ఆవిడే పాత ప్రతి పంపింది. పైకి మెట్లు ఎత్తుగా ఉంటాయి, అత్తమ్మకు కష్టమైతే కింద వాకిట్లోనే వేద్దాం.

---

బాల్కనీ టికెట్ · సోమవారం రాత్రి 9:34

కుర్చీలు నేను పంపిస్తా. మండపంలో రెండొందలున్నాయి. ఎన్ని కావాలో చెప్పండి, నా పేరు మీద రసీదు రాసిస్తా.